సరిహద్దు దాటే తుపాకి: అమెరికాలో వ్యక్తిగత ఆయుధాల అంతర్రాష్ట్ర విక్రయ చట్టాల చరిత్ర (1927–2022)

వ్యాస సంగ్రహం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒక పౌరుడు తన సొంత తుపాకిని అదే రాష్ట్రంలోని పొరుగింటివానికి అమ్ముకోవడానికి సమాఖ్య చట్టం లైసెన్సు అడగదు, రికార్డు కోరదు. అదే తుపాకిని సరిహద్దుకు అవతల నివసించే తోబుట్టువుకు కానుకగా ఇస్తే, మధ్యలో లైసెన్సు పొందిన వ్యాపారి లేనట్లయితే, అది సమాఖ్య నేరం. వస్తువు ఒకటే, మనుషులు నమ్మకస్థులే, మారినది సరిహద్దు మాత్రమే. ఈ తేడా ఎలా ఏర్పడిందో 1927 నుండి 2022 వరకు వచ్చిన చట్టాలు, ముఖ్యమైన న్యాయనిర్ణయాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రమాదం సరిహద్దు దగ్గర మొదలవుతుందని కాక, సమాఖ్య ప్రభుత్వ అధికారం అక్కడ మొదలవుతుంది గనుక ఈ రేఖ ఆయుధ చట్టంలో ప్రవేశించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అంతర్రాష్ట్ర వాణిజ్యం, ఆయుధ చట్టం, తపాలా విక్రయం, లైసెన్సుదారు వ్యాపారి, రెండవ సవరణ, బినామీ కొనుగోలు.

ఉపోద్ఘాతం

తెలుగు పాఠకునికి ఈ విషయం కొంత వింతగా తోచవచ్చు. భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఆయుధాలు, మందుగుండు కేంద్ర జాబితాలోని 5వ అంశం. 1959 నాటి ఆయుధ చట్టం దేశమంతటికీ ఒక్కటే. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేరుపడినప్పుడు ఎన్నో చట్టాలు, సంస్థలు పంపకానికి వచ్చాయి గాని ఆయుధ చట్టం రెండుచోట్లా అదే నిలిచింది. తుంగభద్రకు ఈవలి ఒడ్డున కర్నూలులో ఉన్నవానికైనా, ఆవలి ఒడ్డున అలంపురంలో ఉన్నవానికైనా తుపాకి కావాలంటే ముందుగా లైసెన్సు కావాలి. అంటే భారతదేశంలో చట్టం మొదట చూసేది మనిషిని. అతడు నదికి ఏ ఒడ్డున ఉన్నాడన్నది ఆ తరువాతి మాట.

అమెరికాలో చరిత్ర మరొక విధంగా నడిచింది. అక్కడ తుపాకి కలిగి ఉండడం రాజ్యాంగ రెండవ సవరణతో ముడిపడిన హక్కు. శాంతిభద్రతలు ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత. ఈ రెంటి నడుమ సమాఖ్య ప్రభుత్వం తుపాకుల విషయంలో జోక్యం చేసుకోవడానికి దొరికిన ద్వారాలు కొద్ది: తపాలా, పన్ను, అంతర్రాష్ట్ర వాణిజ్యం. ఈ మూడు ద్వారాల గుండానే ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ ఆయుధ చట్టం రూపుదిద్దుకొంది.

పరిభాష గురించి ఒక మాట. ఈ వ్యాసంలో పిస్తోళ్లు, రివాల్వర్లను కలిపి చేతి తుపాకులు అనీ, రైఫిళ్లు, షాట్‌గన్‌లను కలిపి పొడవు తుపాకులు అనీ వ్యవహరించడమైనది. ‘కాంగ్రెస్’ అన్నచోట అమెరికా జాతీయ చట్టసభ అని గ్రహించాలి.

1. తపాలా ద్వారం: 1927

పంతొమ్మిదవ శతాబ్ది చివర నుండి అమెరికాలో కేటలాగు వ్యాపారం బాగా విస్తరించింది. పల్లెటూరి రైతు కుట్టుమిషను, గడియారం, నాగలి తెప్పించుకొన్నట్లే తుపాకిని కూడా తపాలాలో తెప్పించుకొనేవాడు. ఆనాటి సమాజానికి అది వింత కాదు. చిక్కంతా కొన్ని రాష్ట్రాలు తమ సొంత నిబంధనలు చేసుకొన్నప్పుడు మొదలయింది. న్యూయార్క్ రాష్ట్రం 1911లో సల్లివన్ చట్టం తెచ్చి, బట్టలలో దాచుకోగల తుపాకులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. అయితే న్యూయార్క్ శాసనం న్యూయార్క్ దుకాణదారుని కట్టడి చేయగలదే గాని, వేరొక రాష్ట్రంలో కూర్చుని పొట్లం కట్టే వ్యాపారిని చేయలేదు. పైగా ఆ పొట్లాన్ని మోసుకొచ్చి ఇంటి గుమ్మంలో అందించేది సమాఖ్య ప్రభుత్వపు తపాలా ఉద్యోగే. ఒక రాష్ట్రం వద్దన్న వస్తువును జాతీయ ప్రభుత్వమే ఆ రాష్ట్రంలోకి చేరవేయడం విమర్శలకు గురయింది.

దీనికి సమాధానంగా 1927 ఫిబ్రవరి 8న ఒక చట్టం వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ప్రతినిధి జాన్ మిల్లర్ దాని ప్రతిపాదకుడు. దాచుకోవడానికి వీలైన తుపాకులను సామాన్య పౌరులకు తపాలా ద్వారా పంపడాన్ని అది నిషేధించింది. వ్యాపారులు, తయారీదారుల మధ్య లావాదేవీలకు, సైనికాధికారులకు, పోలీసులకు మినహాయింపు ఇచ్చింది.

ఈ చట్టం స్వరూపాన్ని గమనించాలి. అది తుపాకిని నిషేధించలేదు. అమ్మకాన్ని నిషేధించలేదు. కొనేవాడెవడో అడగలేదు. తన చేతిలో ఉన్న ఒక్క దారిని మాత్రం మూసింది. ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ రవాణా సంస్థలు ఆ నిషేధంలోకి రాలేదు. అందువల్ల వ్యాపారి కేటలాగు అలాగే ఉంది, కొనుగోలుదారు అలాగే ఉన్నాడు. పొట్లం మాత్రం తపాలా బండి దిగి ఎక్స్‌ప్రెస్ బండి ఎక్కింది. ఒక దారి మూస్తే వ్యాపారం పక్క దారి పట్టడం ఈ చరిత్రలో ఇక్కడితో ఆగలేదు.

2. పన్ను, వాణిజ్యం: 1934, 1938

మద్యనిషేధ కాలపు ముఠా హత్యల నేపథ్యంలో అటార్నీ జనరల్ హోమర్ కమ్మింగ్స్ చొరవతో 1934లో జాతీయ ఆయుధ చట్టం వచ్చింది. మెషీన్ గన్‌లు, గొట్టం కోసిన షాట్‌గన్‌లు, పొట్టి రైఫిళ్ల బదిలీపై అది 200 డాలర్ల పన్ను వేసి, వాటిని నమోదు చేయాలన్నది. తొలి ముసాయిదాలో చేతి తుపాకులు కూడా ఉన్నా, చట్టం ఆమోదం పొందేనాటికి అవి జాబితా నుండి తొలగిపోయాయి. కాబట్టి సామాన్యుని చేతిలోని మామూలు తుపాకికి ఈ చట్టంతో సంబంధం లేకపోయింది.

అయితే ఈ చట్టం కింద వచ్చిన ఒక కేసు సరిహద్దు ప్రాధాన్యాన్ని చక్కగా చూపుతుంది. 1938లో జాక్ మిల్లర్, ఫ్రాంక్ లేటన్ అనే ఇద్దరు ఒక పొట్టి షాట్‌గన్‌ను ఓక్లహోమాలోని క్లేర్‌మోర్ నుండి ఆర్కన్సాలోని సైలోమ్ స్ప్రింగ్స్‌కు తీసుకువెళ్లారన్నది అభియోగం. నమోదు లేని ఆయుధాన్ని రాష్ట్ర సరిహద్దు దాటించడమే నేరం. జిల్లా న్యాయస్థానం అభియోగాన్ని కొట్టివేసినా, 1939 మే 15న సుప్రీంకోర్టు దానిని పునరుద్ధరించింది. అప్పటికే మిల్లర్ హత్యకు గురయ్యాడు. నిందితుల పక్షాన ఆ న్యాయస్థానంలో వాదించినవారు ఎవరూ లేరు. ఆ తరువాత దాదాపు ఏడు దశాబ్దాల పాటు రెండవ సవరణపై చర్చకు మూలమైన తీర్పు ఈ విధంగా ఏకపక్ష వాదనతో వెలువడింది.

మామూలు తుపాకుల వ్యాపారంపై తొలి సమాఖ్య కట్టడి 1938 జూన్ 30 నాటి చట్టంతో వచ్చింది. అంతర్రాష్ట్ర వాణిజ్యంలో తుపాకులు పంపే, అందుకొనే వ్యాపారులు లైసెన్సు తీసుకోవాలి. వ్యాపారికి ఏటా 1 డాలరు, తయారీదారుకు 25 డాలర్లు రుసుము. అమ్మిన తుపాకుల రికార్డు ఉంచాలి. హింసాత్మక నేరాలలో శిక్షపడినవారికి, పరారీలో ఉన్నవారికి తెలిసి పంపరాదు. కొనుగోలుకు అనుమతిపత్రం కోరే రాష్ట్రంలోకి ఆ పత్రం చూడకుండా పంపరాదు.

‘తెలిసి’ అన్న ఒక్క మాటలో ఈ చట్టం బలహీనత ఉంది. కొనేవాని గుర్తింపును పరీక్షించవలసిన బాధ్యత అమ్మేవానిపై లేదు. ఉత్తరంలో ఏ పేరు రాస్తే ఆ పేరే రికార్డుకెక్కుతుంది.

ఈ చట్టంలోనే మరొక విశేషం ఉంది. శిక్షపడిన నేరస్థుని వద్ద తుపాకి దొరికితే, అది సరిహద్దు దాటి వచ్చినదేనని భావించవచ్చునని ఒక నిబంధన చెప్పింది. 1943లో టాట్ కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను కొట్టివేసింది. ఒకరి చేతిలో తుపాకి ఉన్నంత మాత్రాన అది పొరుగు రాష్ట్రం నుండే వచ్చిందని ఊహించడానికి హేతుబద్ధమైన ఆధారం లేదన్నది న్యాయస్థానం భావన. నేరస్థుని చేతిలో తుపాకి ఉండడమే కాంగ్రెస్ అసలు ఆందోళన. కాని ఆ ఆందోళనను నేరుగా చట్టంలో చెప్పడానికి అధికారం చాలక, సరిహద్దు దాటిందన్న కల్పనను ఆశ్రయించవలసి వచ్చింది. సమాఖ్య అధికారం సరిహద్దు రేఖపై ఎంతగా ఆధారపడిందో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

3. ఒకే రోజు బయలుదేరిన రెండు పొట్లాలు: 1963

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక యూరపు సైన్యాలు వదిలించుకొన్న పాత రైఫిళ్లు అమెరికా విపణిలోకి పెద్ద ఎత్తున వచ్చాయి. పత్రికలలో ప్రకటన, చివర కత్తిరించి పంపవలసిన కూపను, అతి తక్కువ ధర: ఇదీ అమ్మకం తీరు. కనెక్టికట్ సెనేటర్ థామస్ డాడ్ 1961 నుండి బాలనేరాల ఉపసంఘం తరఫున ఈ వ్యాపారంపై విచారణ జరిపి, 1963 ఆగస్టులో చేతి తుపాకుల తపాలా విక్రయాన్ని కట్టడి చేసే బిల్లు ప్రవేశపెట్టాడు. ఆయన సొంత రాష్ట్రం పేరుపొందిన తుపాకి తయారీ కేంద్రం. చవక దిగుమతుల పోటీ నుండి స్థానిక పరిశ్రమను కాపాడడం కూడా ఈ చొరవలో ఒక అంశమని విమర్శకులు అన్నారు.

బిల్లు సంఘంలో ఉండగానే 1963 నవంబరు 22న డల్లస్‌లో అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగింది. వారెన్ కమిషన్ నివేదిక నమోదు చేసిన వివరాలు ఆనాటి చట్టవ్యవస్థను కళ్లకు కడతాయి. హత్యకు వాడిన ఇటాలియన్ కార్కానో రైఫిలును చికాగోలోని క్లైన్స్ స్పోర్టింగ్ గూడ్స్ సంస్థ నుండి ‘ఎ. హిడెల్’ అనే మారుపేరుతో తెప్పించారు. దూరదర్శినితో సహా రైఫిలు వెల 19.95 డాలర్లు, రవాణాతో కలిపి 21.45 డాలర్లు, చెల్లింపు మనీయార్డరు ద్వారా. 1963 మార్చి 20న అది పార్సెల్ తపాలాలో డల్లస్‌లోని ఒక పోస్టుబాక్సుకు బయలుదేరింది. అదే మారుపేరుతో లాస్ ఏంజెలిస్‌లోని సీపోర్ట్ ట్రేడర్స్ నుండి తెప్పించిన .38 రివాల్వర్ కూడా అదే మార్చి 20న బయలుదేరింది. డల్లస్ పోలీసు అధికారి టిప్పిట్ హత్యలో వాడినది ఇదే. దీని వెలలో మిగిలిన 19.95 డాలర్లను సరుకు అందుకొన్నప్పుడు చెల్లించాలి. మన తపాలా శాఖ వి.పి.పి. పద్ధతి వంటిదన్నమాట.

రెండు పొట్లాలు వెళ్లిన దారులు వేరు. రైఫిలు తపాలాలో వెళ్లింది. ఎందుకంటే 1927 చట్టం పొడవు తుపాకులను తాకలేదు. రివాల్వర్ రైల్వే ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లింది. ఎందుకంటే 1927 చట్టం ఎక్స్‌ప్రెస్ సంస్థలను తాకలేదు. ముప్పైయారేళ్ల కిందటి చట్టం మూసినదీ మూయనిదీ రెండూ ఆ ఒక్క తేదీన కనిపిస్తాయి.

1938 చట్టం కోరిన రికార్డులు మాత్రం పనిచేశాయి. రైఫిలు మీది సి2766 అనే వరుస సంఖ్యను పట్టుకొని దర్యాప్తు అధికారులు న్యూయార్క్‌లోని టోకు వ్యాపారి ద్వారా చికాగో దుకాణానికి చేరి, నవంబరు 23 తెల్లవారకముందే ఆ ఆర్డరు పత్రాన్ని వెలికితీయగలిగారు. రికార్డు నేరం జరిగిన తరువాత దారి చూపింది. అమ్మకం వేళ మాత్రం ఎవరినీ ప్రశ్నించలేదు. ఆ కొనుగోలుదారు డల్లస్ దుకాణంలోనే మరొక రైఫిలు కొనగలిగేవాడని బిల్లు వ్యతిరేకులు వాదించవచ్చు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కాని దుకాణంలో కొంటే అమ్మినవాడు మనిషి ముఖమైనా చూసి ఉండేవాడు. కూపనుకు అది కూడా అక్కరలేకపోయింది.

డాడ్ తన బిల్లులో పొడవు తుపాకులను కూడా చేర్చాడు. అయినా ఐదేళ్లపాటు అది చట్టం కాలేదు.

4. దారి నుండి మనిషికి: 1968

1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్, జూన్ 5న లాస్ ఏంజెలిస్‌లో రాబర్ట్ కెన్నెడీ తుపాకి గుళ్లకు గురయ్యారు. కింగ్ హత్యకు ఉపయోగించిన రైఫిలు పొరుగు రాష్ట్రమైన అలబామాలోని బర్మింగ్‌హామ్ దుకాణంలో మారుపేరుతో కొన్నది. జూన్ 19న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టం చేతి తుపాకుల అంతర్రాష్ట్ర విక్రయాన్ని కట్టడి చేసింది. అక్టోబరు 22న సంతకమైన తుపాకుల నియంత్రణ చట్టం ఆ కట్టడిని పొడవు తుపాకులకు, మందుగుండుకు విస్తరించింది.

దాని ప్రధాన నిబంధనలు నాలుగు. లైసెన్సుదారు వ్యాపారి వేరే రాష్ట్రంలోని సామాన్య పౌరునికి తుపాకి పంపరాదు. చేతి తుపాకిని తన రాష్ట్ర నివాసికే అమ్మాలి. పొడవు తుపాకులను మాత్రం, ఆయా రాష్ట్రాల చట్టాలు అనుమతిస్తే, ఆనుకొని ఉన్న రాష్ట్రాల నివాసులకు అమ్మవచ్చు. సామాన్య పౌరుడు వేరే రాష్ట్రపు నివాసికి నేరుగా తుపాకి బదిలీ చేయరాదు. తన రాష్ట్రానికి వెలుపల సంపాదించిన తుపాకిని ఇంటికి తెచ్చుకోరాదు.

ఇక్కడ చట్టం దృష్టి మారింది. 1927లో ప్రశ్న ‘ఏ బండిలో వెళ్తున్నది?’ అని. 1968లో ప్రశ్న ‘ఎవరికి, ఎక్కడి నివాసికి?’ అని. ఆ ప్రశ్న అడిగే బాధ్యతను చట్టం కొనుగోలుదారుని సొంత రాష్ట్రంలోని వ్యాపారికి అప్పగించింది. అతడు గుర్తింపుపత్రం చూస్తాడు, కొనుగోలుదారు చేత ప్రమాణపూర్వకంగా ఒక పత్రం నింపిస్తాడు, తుపాకి వరుస సంఖ్యను పుస్తకంలో రాస్తాడు. స్థానిక చట్టం తెలిసినవాడు అతడే గనుక న్యూయార్క్ చట్టం న్యూయార్క్‌లోనూ, టెక్సస్ చట్టం టెక్సస్‌లోనూ చెల్లుబాటు అవుతుంది. రాష్ట్రాల వైవిధ్యాన్ని చెరపకుండా దానిని కాపాడే మార్గంగా ఈ ఏర్పాటును అర్థం చేసుకోవాలి.

అయితే తుపాకులన్నిటినీ నమోదు చేయాలనీ, యజమానులందరికీ లైసెన్సు ఉండాలనీ జాన్సన్ కోరినది నెరవేరలేదు. ఆ లోటును ఆయన సంతకం చేసిన సభలోనే ప్రస్తావించాడు. పర్యవసానంగా ఒకే రాష్ట్రంలో ఇద్దరు సామాన్య పౌరుల మధ్య జరిగే అమ్మకం సమాఖ్య చట్టం కంటికి కనబడకుండా మిగిలింది.

5. సడలింపు, తనిఖీ: 1986, 1993

1968 చట్టం అమలులో చిన్నచిన్న పొరపాట్లకు కూడా వ్యాపారులను, సేకరణదారులను వేధిస్తున్నారన్న ఫిర్యాదులు పెరిగాయి. ఫలితంగా 1986 మే 19న అధ్యక్షుడు రీగన్ సంతకంతో తుపాకి యజమానుల రక్షణ చట్టం వచ్చింది. ఏ రాష్ట్రపు నివాసికైనా వ్యాపారి ముఖాముఖిగా పొడవు తుపాకి అమ్మవచ్చు; అయితే రెండు రాష్ట్రాల చట్టాలనూ పాటించాలి. మందుగుండు తపాలా విక్రయంపై ఆంక్షలు తొలగాయి. తుపాకుల జాతీయ రిజిస్టరు ఏర్పాటును ఈ చట్టం నిషేధించింది. ప్రయాణికునికి ఒక రక్షణ కూడా దొరికింది: బయలుదేరిన చోటా చేరే చోటా తుపాకి ఉంచుకోవడం చట్టబద్ధమైతే, గుళ్లు తీసి, అందుబాటులో లేకుండా భద్రపరచి, మధ్యనున్న కఠిన రాష్ట్రాల గుండా తీసుకువెళ్లవచ్చు.

1993 నవంబరు 30 నాటి బ్రేడీ చట్టం వ్యాపారి అడిగే ప్రశ్నకు జవాబు సరిచూసే ఏర్పాటు చేసింది. అంతవరకు కొనుగోలుదారు తాను నిషిద్ధుడను కానని రాసిచ్చిన మాటే ప్రమాణం. మొదట స్థానిక పోలీసు అధికారులు తనిఖీ చేయాలన్నారు. రాష్ట్ర అధికారులను సమాఖ్య ప్రభుత్వం అలా ఆదేశించజాలదని 1997లో ప్రింట్జ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1998 నవంబరు 30 నుండి జాతీయ తక్షణ తనిఖీ వ్యవస్థ పనిచేయసాగింది.

6. నేటి పద్ధతి: ఒక తుపాకి ప్రయాణం

ఈ చట్టాల సారాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. జార్జియాలో ఉన్న తండ్రి తన వేట రైఫిలును న్యూజెర్సీలో స్థిరపడిన కొడుకుకు ఇవ్వదలచాడనుకొందాం. కొడుకు ఇంటికి నేరుగా పంపరాదు; పండుగకు వచ్చినప్పుడు చేతికివ్వడమూ కుదరదు. న్యూజెర్సీలోని లైసెన్సుదారు వ్యాపారికి పంపాలి. పొడవు తుపాకి గనుక తండ్రి దానిని తపాలాలో ఆ వ్యాపారికి పంపవచ్చు. అదే పిస్తోలు అయితే 1927 నాటి నిషేధం అడ్డువస్తుంది. ప్రైవేటు రవాణా సంస్థలను సమాఖ్య చట్టం నిషేధించకపోయినా, పెద్ద సంస్థలు తమ సొంత నియమాలతో సామాన్యుల నుండి తుపాకులు స్వీకరించడం మానుకొంటున్నాయి. అందువల్ల అనేకులు తమ ఊరి వ్యాపారి చేతనే అవతలి వ్యాపారికి పంపిస్తారు. పొట్లంపై లోపల తుపాకి ఉన్నట్లు తెలిపే చీటీ అంటించాలని రవాణా సంస్థ కోరరాదు. అందజేసేటప్పుడు సంతకం తీసుకోవాలి. వ్యాపారి దానిని తన పుస్తకంలో చేర్చుకొని, కొడుకు చేత పత్రం నింపించి, తనిఖీ జరిపి, న్యూజెర్సీ నిబంధనలు నెరవేరాకనే అప్పగిస్తాడు.

తండ్రి మరణానంతరం వీలునామా ద్వారా గాని వారసత్వంగా గాని ఆ రైఫిలు కొడుకుకు సంక్రమిస్తే మాత్రం, అతడు నివసించే రాష్ట్రంలో దానిని కలిగి ఉండడం చట్టబద్ధమైనంతవరకు, సమాఖ్య చట్టం మధ్యవర్తిని కోరదు. బ్రతికి ఉన్న తండ్రి చేతితో ఇవ్వలేనిది వారసత్వంగా మాత్రం చేరవచ్చు. ఇతర మినహాయింపులూ ఉన్నాయి. 1898లో గాని అంతకుముందు గాని తయారైన తుపాకులు ఈ చట్టం దృష్టిలో తుపాకులు కావు, పురావస్తువులు. సేకరణదారుల లైసెన్సు ఉన్నవారు యాభై ఏళ్లు దాటిన కొన్ని తుపాకులను నేరుగా అందుకోవచ్చు. ఇల్లు మారేవారు తమ తుపాకులను తామే తీసుకువెళ్లవచ్చు. అయితే కొత్త రాష్ట్రపు చట్టం వాటిని అనుమతించాలి.

7. రహదారి మీద సరిహద్దు

పొట్లం సరిహద్దు దాటే దారిని 1968 చట్టం చాలవరకు మూసింది. కాని తుపాకి పొట్లంలోనే ప్రయాణించనక్కరలేదు. దక్షిణాది రాష్ట్రాలలో స్థానిక నివాసి చేత బినామీగా కొనిపించి, కారు డిక్కీలో పెట్టుకొని 95వ నంబరు అంతర్రాష్ట్ర రహదారిపై ఉత్తరానికి తీసుకువెళ్లి న్యూయార్క్ వీధులలో అమ్మడం పెద్ద సమస్యగా మారింది. పత్రికలు దీనికి ‘ఇనుప గొట్టపు మార్గం’ అని పేరు పెట్టాయి. న్యూయార్క్‌లో నేరాలకు సంబంధించి దొరికి, మూలం గుర్తించగలిగిన తుపాకులలో అధికభాగం ఇతర రాష్ట్రాలలో తొలిసారి అమ్ముడైనవి.

ఈ సందర్భంలో వర్జీనియా అనుభవం గమనింపదగినది. తమ రాష్ట్రం నుండి తుపాకులు ఉత్తరాదికి తరలిపోతున్నాయన్న అపవాదు మధ్య 1993లో ఆ రాష్ట్రం నెలకు ఒక చేతి తుపాకి మాత్రమే కొనవచ్చునని నియమం పెట్టింది. 1996లో అమెరికన్ వైద్యసంఘ పత్రికలో డగ్లస్ వైల్, రెబెకా నాక్స్ ప్రచురించిన అధ్యయనం, ఆ నియమం తరువాత ఈశాన్య రాష్ట్రాలలో దొరికిన తుపాకుల మూలం వర్జీనియా కావడం గణనీయంగా తగ్గిందని తేల్చింది. 2012లో ఆ నియమం రద్దయింది; 2020లో తిరిగి వచ్చింది. ఒక రాష్ట్ర ప్రజల భద్రత పొరుగు రాష్ట్ర శాసనసభ నిర్ణయంపై ఎంతగా ఆధారపడి ఉందో ఈ రాకపోకలు తెలుపుతాయి.

రాష్ట్రం లోపలి ప్రైవేటు అమ్మకాల ఖాళీని కొన్ని రాష్ట్రాలు తామే పూరించాయి. కాలిఫోర్నియా 1991 నుండి, కొలరాడో 2013 నుండి, వాషింగ్టన్ 2014 నాటి ప్రజాభిప్రాయ ఓటుతో ఇటువంటి అమ్మకాలకు కూడా తనిఖీని తప్పనిసరి చేశాయి. 2022 జూన్ 25న వచ్చిన సమాఖ్య చట్టం బినామీ కొనుగోలును, తుపాకుల అక్రమ రవాణాను ప్రత్యేక నేరాలుగా నిర్వచించింది. లాభార్జన ప్రధానోద్దేశంగా అమ్మేవారు లైసెన్సు తీసుకోవాలని వ్యాపారి నిర్వచనాన్ని విస్తరించింది.

8. న్యాయస్థానంలో సరిహద్దు

1977లో స్కార్‌బరో కేసులో సుప్రీంకోర్టు, శిక్షపడినవాని వద్ద ఉన్న తుపాకి ఎప్పుడో ఒకప్పుడు సరిహద్దు దాటి ఉంటే ఆనాటి చట్టం వర్తించడానికి చాలునన్నది. 1943లో ఊహించరాదన్న సరిహద్దు దాటడాన్ని ఇప్పుడు నిరూపించాలి, కాని ఎంత పాతదైనా సరిపోతుంది.

చేతి తుపాకుల అంతర్రాష్ట్ర అమ్మకంపై ఆంక్షనే సవాలు చేసినది మాన్స్ కేసు. వాషింగ్టన్ నగరంలో నివసించే దంపతులు టెక్సస్ వ్యాపారి నుండి నేరుగా పిస్తోళ్లు కొనదలిచారు. సొంత ఊరి వ్యాపారి దాకా తెప్పించుకోవడంలో అదనపు ఖర్చు, ఆలస్యం ఉన్నాయన్నది వారి వాదన. పొడవు తుపాకికి 1986లో ఇచ్చిన సడలింపు చేతి తుపాకికి ఎందుకు లేదన్న ప్రశ్న తేలికగా తోసివేయదగినది కాదు. 2015లో టెక్సస్ జిల్లా న్యాయస్థానం వారి పక్షాన తీర్పు ఇచ్చింది. 2018 జనవరిలో అయిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం దానిని తిరగదోడింది. ఒక వ్యాపారి 50 రాష్ట్రాల చేతి తుపాకి చట్టాలనూ తెలుసుకొని పాటిస్తాడని ఆశించలేమన్నది దాని తర్కం. పూర్తి ధర్మాసనం పునర్విచారణ ప్రతిపాదన 8–7 ఓట్లతో వీగిపోయింది. 2020లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది.

2022 జూన్‌లో బ్రూన్ కేసులో సుప్రీంకోర్టు ఆయుధ నిబంధనలను దేశ చారిత్రక సంప్రదాయంతో పోల్చి చూడాలని నిర్దేశించింది. దీనితో, 1927కు ముందు సరిహద్దు అమ్మకంపై సమాఖ్య ఆంక్ష లేకపోవడాన్ని ఏ విధంగా అర్థం చేసుకోవాలన్నది చరిత్రకారుల చర్చగా మాత్రమే కాక న్యాయవాదుల వాదనగా కూడా మారింది.

9. ప్రవాస తెలుగువారికి వర్తించే ఒక గీత

అమెరికాలోని తెలుగువారికి రాష్ట్ర సరిహద్దుతో పాటు మరొక గీత కూడా వర్తిస్తుంది. 1998లో కాంగ్రెస్ చేసిన సవరణ ప్రకారం తాత్కాలిక వీసాపై ఉన్న విదేశీయులు, అంటే విద్యార్థులు, హెచ్-1బి ఉద్యోగులు తుపాకి కొనడం, కలిగి ఉండడం నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. శాశ్వత నివాసులకు ఈ నిషేధం లేదు. అందువల్ల ఒకే ఇంట్లో పౌరసత్వం ఉన్న అన్న, వీసాపై ఉన్న తమ్ముడు కలిసి ఉన్నప్పుడు, అన్న తుపాకిని తమ్ముని చేతికివ్వడం రాష్ట్రం దాటకపోయినా నేరం కాగలదు. సరిహద్దు ఇక్కడ ఇంటి లోపలే ఉంది.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. అమెరికా సమాఖ్య చట్టం తుపాకిని నేరుగా కాక, దాని ప్రయాణమార్గాన్ని ఆధారం చేసుకొని ఎదిగింది. తపాలా, పన్ను, అంతర్రాష్ట్ర వాణిజ్యం దానికి దొరికిన ద్వారాలు.

2. ప్రతి చట్టమూ ఒక దారిని మూసి మరొక దారిని మిగిల్చింది. 1963 మార్చి 20న బయలుదేరిన రెండు పొట్లాలు 1927 చట్టపు హద్దులను చూపాయి. తరువాతి కాలపు రహదారి రవాణా 1968 చట్టపు హద్దులను చూపింది.

3. కొనుగోలుదారుని సొంత రాష్ట్రంలోని వ్యాపారిని మధ్యవర్తిగా నిలపడం 1968 చట్టం ప్రధాన ఆవిష్కరణ. రాష్ట్రాల వేర్వేరు చట్టాలు పక్కపక్కనే మనగలగడానికి ఇది ఆధారమయింది.

4. రాష్ట్రం లోపలి ప్రైవేటు అమ్మకం సమాఖ్య దృష్టికి వెలుపల ఉండడం వల్ల, జార్జియా తండ్రి వంటి చట్టబద్ధ పౌరునిపై పడే భారం బినామీ కొనుగోలుదారుపై పడే భారం కంటె కొన్ని సందర్భాలలో అధికంగా కనిపిస్తుంది.

ఈ చివరి అంశమే ఇరుపక్షాల ఫిర్యాదుకూ మూలం. ఆంక్ష అనవసరమనేవారు తండ్రిని చూపుతారు. ఆంక్ష చాలదనేవారు రహదారిని చూపుతారు. ఇద్దరూ చూపేది ఒకే రేఖ రెండు వైపులను. రాష్ట్రం లోపల కూడా అదే ప్రశ్న అడగాలా, లేక సరిహద్దు దగ్గర కూడా అడగడం మానాలా అన్నది అమెరికన్ సమాజం ఇంకా తేల్చుకోవలసిన విషయం. అంతవరకు తుపాకి తరతరాలుగా ఒకే కుటుంబానిదైనా, సరిహద్దు దగ్గర ఒక అపరిచిత వ్యాపారి పుస్తకంలో ఒకసారి నమోదు కాక తప్పదు.